చెప్పి చేసే చప్పుడు

దూది అడిగిన మనిషి ఎందుకు అడుగుతున్నాడో నాకు వెంటనే తట్టలేదు. పొద్దునే దుకాణం తలుపులు తీసి ఇంకా ఊడ్వనైనా లేదు. అతను మెట్ల మీద నిలబడి, "దూది పెద్ద చుట్ట ఒకటి, కర్పూరం, కొంచెం అత్తరు ఉంటే ఇయ్యి శెట్టీ" అన్నాడు. ఇంజన్ సాయిబు అల్లుడని గుర్తుపట్టి, "మామకు చెవుల బాధ మళ్లీ మొదలైందా?" అని అడిగాను. అతను నా మొగం వైపు వింతగా చూశాడు. "లేదు శెట్టీ. మామ పోయినాడు" అన్నాడు.

దూది, కర్పూరం, అత్తరు కలిపి అడిగితే అవి దేనికో ప్రొద్దుటూరులో ఎవరికైనా తెలుస్తుంది. మందుల దుకాణం పెట్టుకున్న నాకు తెలియకపోవడం సిగ్గుచేటు. కానీ ఆ ఇంటి మనిషి దూది అంటే నాకు చెవులే గుర్తొస్తాయి. ఎన్నో ఏండ్లు ఆయన చెవుల కొలతకు దూది చుట్టిన చేతులు ఇవి. ఆయన ఎడమ చెవికి లావు చుట్ట కావాలి, కుడి చెవికి సన్నంది. ఎందుకట్లా అంటే దేవుడు అట్లా పుట్టించాడు, అంతే.

ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా మా ఊళ్లో సగం మందికి ఆ పేరుతో ఆయన తెలియడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, మా వైపు బావుల మీద నీళ్లు తోడే ఎద్దుల కపిలలు పోయి ఆయిల్ ఇంజన్లు దిగుతున్నప్పుడు, ఇంజన్ ఆగిపోతే మొదట కబురు పోయేది ఆయనకే. జమ్మలమడుగు నుంచి పిలిచేవాళ్లు, పులివెందుల నుంచి పిలిచేవాళ్లు. పనిముట్ల సంచి సైకిలుకు కట్టుకుని పోయేవాడు. ఆ సైకిలుకు గంట ఉండేది కాదు. సంచిలోని ప్రతి పానాకూ విడిగా గుడ్డ చుట్టి ఉండేది. అవి ఒకదానికొకటి తగలకుండా అని అప్పట్లో నాకు తెలియదు. శుభ్రం కోసమేమో అనుకునేవాణ్ణి.

నేను ఆయన్ను మామా అని పిలిచేవాణ్ణి. నాకంటే పదిహేనేండ్లు పెద్ద. మొదట్లో ఆయన మీద నాకు కోపంగా ఉండేది. చిల్లర ఎప్పుడు ఇయ్యబోయినా, బల్ల మీద పడకముందే చెయ్యి అడ్డం పెట్టి, "చేతిలో ఇయ్యి శెట్టీ" అనేవాడు. బజారులో అందరికీ బల్ల మీదనే పోస్తాను, ఈయనకేమిటి ప్రత్యేకం అని ఒకరోజు అడిగేశాను. ఆయన తల వంచుకుని, చాలా మెల్లగా చెప్పాడు. "ఆ చప్పుడు తలలో మేకు దిగినట్టు దిగుతాది. నీకెట్ల చెప్పేది శెట్టీ."

రోజంతా ఇంజన్ల మధ్య బతికే మనిషి నాలుగు కాణీల చప్పుడు ఓర్వలేకపోవడం ఏమిటో నాకు అంతు చిక్కలేదు. ఎగతాళి చేస్తున్నాడేమో అని కూడా అనుకున్నాను. "మరి ఇంజన్ మోత?" అన్నాను.

"ఇంజన్ చెప్పి అరుస్తాది. ముందు దగ్గుతాది, గాలి పీలుస్తాది, ఆ పైన అరుస్తాది. నీ చిల్లర చెప్పకుండా పడతాది" అన్నాడు.

అర్థమైనట్టు తల ఊపాను. అర్థం కాకుండా తల ఊపడం దుకాణదారుడికి మొదట వచ్చే విద్య.

శుక్రవారం నమాజుకు పోయే ముందు అత్తరులో తడిపిన దూది చెవి మడతలో దోపుకోవడం వాళ్లలో మామూలే. ఒక శుక్రవారం ఆ దూది జారి ఆయన చెవి లోపలికి దిగిందట. ఆ పూట బజారంతా ఎవరో దుప్పటి కప్పినట్టు అయిందని సంబరంగా చెప్పాడు. అయితే అత్తరు ఘాటుకు తలనొప్పి వస్తోంది, వాసన లేని దూది కావాలి. నేను ఆసుపత్రుల్లో వాడే తెల్ల దూది ఇచ్చాను. వారం తర్వాత అది తెచ్చి బల్ల మీద మెత్తగా పెట్టి, "నీ దూది నీళ్లు తాగుతాది గానీ చప్పుడు తాగదు శెట్టీ" అన్నాడు.

ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. దుకాణం పెట్టక ముందు నేను ఒక డాక్టరు దగ్గర కాంపౌండరును. ఎన్నో పూతమందులు నూరిన చెయ్యి నాది, ఒక మనిషి చెవి మూయలేనా అనుకున్నాను. జిన్నింగు మిల్లు నుంచి గింజ తీసిన పత్తి తెప్పించి ఇచ్చాను. అది కొంచెం నయం, కానీ దురద. సూదిమందు సీసాల రబ్బరు మూతలు కోసి ఇచ్చాను. రెండో రోజే తిరిగి వచ్చాడు. "బయటి మోత పోయింది. లోపల నా పండ్ల చప్పుడే మిల్లు తిరిగినట్టు వినపడతాంది. అన్నం తినేదానికి కాలేదు" అన్నాడు.

చివరికి కుదిరింది తేనెమైనం. కొండ తేనె అమ్మేవాళ్ల దగ్గర మైనం కొని, కరిగించి, వాసెలిన్ కలిపి, దూది పీచులు పీచులుగా తీసి అందులో మర్దించాను. వేళ్ల మధ్య కాసేపు నలిపితే మెత్తబడి చెవి ఆకారానికి ఒదిగిపోతుంది. ఆయన పెట్టుకుని, నా ముందు రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. ఎదురుగా ఇత్తడి సామాన్ల అంగట్లో బిందెలు దించుతున్నారు. ఆయన కనురెప్ప కూడా కదల్లేదు. నన్ను చూసి నవ్వాడు. అంత నిండుగా ఆయన నవ్వగా చూడటం అదే మొదలు, నేను పొంగిపోయాను.

ఆ ఎండాకాలం పులివెందులలో ఆ మైనం కరిగి గడ్డంలోకి దిగిందట. దాన్ని వదిలించడానికి వాళ్లావిడ కిరసనాయిలు వాడాల్సి వచ్చింది. అప్పటినుంచి ఎండాకాలానికి ఒక పాకం, చలికాలానికి ఒక పాకం చేసేవాణ్ణి. ఆ మాట నలుగురికీ పాకి వేరేవాళ్లూ వచ్చారు. మిల్లు పక్కన కాపురమున్న ఒక టీచరమ్మ తీసుకుపోయి, పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పెట్టుకుని, పని అయ్యాక డబ్బాలో వేసేది. ఆమెకు ఏ బాధా రాలేదు. ఆ మైనమే, ఆ చేతులే. ఆ తర్వాత సాయిబుకు మాత్రం బాధ ఎందుకు ముదిరిందని చాలాకాలం తల బద్దలు కొట్టుకున్నాను.

సింహాద్రిపురంలో మా బావమరిది బావి మీద ఇంజన్ నీళ్లు సరిగా తోడటం లేదంటే నేనే మామను వెంటబెట్టుకుని పోయాను. ఇంజన్ నడుస్తోంది. చెవుల్లో మైనం పెట్టుకుని ఆయన దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. సంచిలోంచి పొడుగు స్క్రూడ్రైవరు తీసి, దాని మొన ఇంజనుకు ఆనించి, పిడి తన చెవి వెనక ఎముకకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. మా బావమరిది నా చెవి దగ్గరికొచ్చి, "చెవులు మూసుకుని వింటాండాడేందప్పా ఈయన?" అన్నాడు. నాకూ అదే అనుమానం.

మొన ఒకచోటు నుంచి ఇంకొకచోటికి మార్చుకుంటూ పోయి, మూడోచోట ఆగాడు. "ఈడ. బేరింగ్ అరిగింది. ఇంకొక వారం తిప్పితే షాఫ్టు పోతాది" అన్నాడు. విప్పి చూస్తే ఆయన వేలు పెట్టిన చోటే, ఆయన చెప్పినట్టే ఉంది.

ఎట్లా అని అడిగితే, మైనం ఇచ్చి నన్నే వినమన్నాడు. చెవులు మూసుకుని పిడి ఎముకకు ఆనించుకున్నాను. చుట్టుపక్కల మోతంతా పోయి, ఇంజన్ లోపలి చప్పుడు ఒక్కటే పుర్రెలోకి వచ్చింది. "చెవులు తెరిస్తే ఊరంతా వస్తాది. మూసుకుంటే ఎముకలో వచ్చేది ఒకటే వస్తాది" అన్నాడు. చెవులు మూసుకుంటే ఎక్కువ వినపడటం ఏమిటో నాకు బోధపడలేదు గానీ, వినపడిన మాట నిజం.

ఆ రోజు నుంచి ఆయన వాటిని తీయలేదు. ఇంజన్ దగ్గరా అవే, బజార్లో అవే, ఇంట్లో అవే. నా మందు అంత బాగా పనిచేస్తోందని మురిసిపోయాను. నెలకొకసారి కొత్తవి తీసుకునేవాడు, నేను చుట్టి ఇచ్చేవాణ్ణి.

ఒకసారి వాటిని ఇయ్యడానికి నేనే ఇంటికి పోయాను. గుమ్మంలోనే వాళ్లావిడ, నేను అత్తా అని పిలిచే ఆమె, నోటి మీద వేలు పెట్టి నన్ను ఆపింది. చెప్పులు బయటే విప్పమంది. లోపల గిన్నెల కింద పాతగుడ్డలు పరిచి ఉన్నాయి. రోట్లో పచ్చడి నూరడం మానేసి చేతితో పిసుకుతోంది. కోళ్లను పక్కింటికి ఇచ్చేసింది. కాన్పుకు పుట్టింటికి రావాల్సిన కూతుర్ని అత్తగారింట్లోనే ఉండమన్నారు. పసిబిడ్డ ఏడుపు ఈయన ఓర్వలేడని. ఆయన మూలన మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చెవుల్లో నా మైనం ఉంది, దాని మీద తువ్వాలు కట్టి ఉంది. చీపురు చప్పుడు కూడా పొడుస్తోందని చెప్పాడు. చప్పుడు రాకుండా అంత గట్టిగా మూస్తే చప్పుడు ఇంకా పెద్దదెట్లా అవుతుంది?

మళ్లీ సింహాద్రిపురం నుంచి పిలుపు వచ్చినప్పుడు, పోతే మనసు బాగవుతుందని నేనే బలవంతం చేశాను. మా బావమరిది ఇంజన్ తిప్పాడు. అది దగ్గింది, గాలి పీల్చింది, అరిచింది. ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు పడిపోయింది. రెండు చేతులూ చెవులకు అదుముకుని అక్కడే మట్టిలో కూలబడ్డాడు. నేను పరుగెత్తి ఇంజన్ ఆపించాను. మా బావమరిది నోటికి హద్దు లేదు. "మోతకు భయపడే మేస్త్రిని యాడన్నా చూసినామా? చెట్లు ఎండిపోతాండాయి నాకు. ఇంకొకరిని పిలిపించుకుంటాలే, నువ్వు పో మామా" అన్నాడు.

మామ పనిముట్లు ఏరుకున్నాడు. ఒక్కొక్క పానాకు గుడ్డ చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. చప్పుడు కాకుండా పెట్టడానికి చాలాసేపు పట్టింది. మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. ఇంజన్ ఆయన్ను పొడిచింది అదే మొదటిసారి. ఇంక ఇంజన్ దగ్గరికి పోలేకపోతే ఈ మనిషి ఏమైపోతాడని నాకు భయం వేసింది. బస్సులో తిరిగి వస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు. "శెట్టీ, ఇంకొంచెం గట్టిగుండేది చెయ్యి. నాకు ఈ పని తప్ప ఏదీ రాదు" అన్నాడు. చేస్తా మామా అన్నాను. చేశాను కూడా. మైనం పాలు పెంచి, లోపల రబ్బరు ముక్క పెట్టి చుట్టాను.

పదిరోజులకు అత్త స్వయంగా దుకాణానికి వచ్చింది. ఆమె బజారుకు రావడం నేను అంతకు ముందు చూడలేదు. బల్ల మీద ఆ రెండు చుట్టలూ పెట్టి, "నిన్నటి నుంచి నీళ్లు తాగే చప్పుడు కూడా వద్దంటాండాడు. నువ్వు మందు ఇస్తాండావా శెట్టీ, రోగం ఇస్తాండావా?" అని అడిగింది. నాకు ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ అడిగిందల్లా చేసిపెట్టానే అని. ఆ తర్వాత ఆ చుట్టలు తిప్పి తిప్పి చూశాను. మరుసటి రోజు ముగ్గురం జమ్మలమడుగు ఆసుపత్రికి బయలుదేరాం.

అక్కడి డాక్టరు వయసు మళ్లినవాడు, తగ్గు గొంతుతో మాట్లాడేవాడు. చెవుల్లోకి దీపం వేసి చూసి, తప్పేమీ లేదన్నాడు. ఆ మాటకు నేను ఇంకా గందరగోళపడ్డాను. మైనం చుట్టలు చేతిలోకి తీసుకుని, "వీటిని ఎప్పుడు పెట్టుకుంటావు?" అని అడిగాడు.

"శెట్టి ఇచ్చినప్పుడు."

"ఎప్పుడు తీస్తావు?"

"మళ్లీ శెట్టి కొత్తవి ఇచ్చినప్పుడు."

డాక్టరు నా వైపు తిరిగాడు. "చెవి కొలత బాగానే తీసుకున్నావు. ఏ చప్పుడుకు, ఎంతసేపు అని అడిగావా?" అన్నాడు. అడగలేదు. మైనమా, రబ్బరా, పత్తా అని ఇన్నాళ్లూ ఆలోచించాను గానీ ఆ రెండు ప్రశ్నలూ నాకు తట్టలేదు. చీకటి గదిలో నెలల తరబడి ఉన్నవాడికి చిన్న దీపం కూడా కళ్లు పొడుస్తుంది, చెవికీ అంతే అని డాక్టరు చెప్పాడు. మైనం మంచిదే, ఇంజన్ దగ్గర తప్పకుండా పెట్టుకో, ఆపగానే తీసెయ్యి, ఇంట్లో మాత్రం వద్దు అన్నాడు. ఒక్కసారిగా తీయకుండా పూటకు కొంచెం చొప్పున అలవాటు చేసుకోమన్నాడు. టీచరమ్మకు బాధ ఎందుకు రాలేదో అప్పుడు కొంత తెలిసింది. కొంతే.

తీయడం అంత సులభం కాలేదు. మొదటి రోజు పావుగంటకే వణికిపోయాడట. అప్పుడు అత్త ఒక పద్ధతి కనిపెట్టింది. అది డాక్టరు చెప్పింది కాదు, ఆమె సొంతం. ఏ చప్పుడు చేసినా ముందు చెప్పి చేసేది. "ఇప్పుడు గిన్నె దించుతాండా." ఆయన తల ఊపేవాడు, అప్పుడు దించేది. "ఇప్పుడు తలుపేస్తాండా." "ఇప్పుడు నూరుతాండా, పది దెబ్బలే." వీధిలోవాళ్లు వాకిట్లో నిలబడి నవ్వుకునేవాళ్లు. ఆమె లెక్కపెట్టలేదు. చప్పుడు అంతే ఉంటుంది కదా, చెప్పినంత మాత్రాన చిన్నదెట్లా అవుతుందని ఆమెనే అడిగాను. "ఆయన నీకు మొదటే చెప్పినాడంట కదా శెట్టీ" అంది. నిజమే, చెప్పాడు. నేనే తల ఊపి ఊరుకున్నాను.

ముందు కుడి చెవి, ఆ తర్వాత ఎడమది. రెండేండ్లు పట్టింది. కూతురు బిడ్డను తీసుకుని వచ్చింది. ఆ పసిపిల్ల ఏడవబోయే ముందు పెదవి విరిచేది. అది చూసి ఆయన, "చెప్తాంది, చెప్తాంది" అని నవ్వేవాడు. నేనూ దుకాణంలో, "చిల్లర పోస్తాండా మామా" అని చెప్పి, చేతిలో పోసేవాణ్ణి. నయా పైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక పొద్దున ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. "పొయ్యి శెట్టీ" అన్నాడు. నేను నమ్మలేక ఆయన మొగమే చూస్తూ బల్ల మీద పోశాను. ఆయన భుజాలు ఒక్కసారి బిగిసి వదులయ్యాయి. "ఇవి తేలిక. పాతవాటికే బరువుండాది" అని ఏరుకుని జేబులో వేసుకున్నాడు. ఆ పూట నాకు పని మీద మనసు నిలవలేదు.

మళ్లీ సైకిలెక్కాడు. తొండూరు పోయాడు, వీరపునాయునిపల్లె పోయాడు. సింహాద్రిపురంలో మా బావమరిది, మొగం ఎటో పెట్టుకుని, "ఇప్పుడు తిప్పుతాండా మామా" అని చెప్పి ఇంజన్ తిప్పడం నా కళ్లతో చూశాను. పని అయ్యేదాకా మైనం, ఆ పైన డబ్బాలోకి. అట్లా ఇంకొక ఆరేడేండ్లు. ఇదంతా తలుచుకుంటే నేను ఆయనకు మేలు చేశానో, కీడు చేశానో తేల్చుకోలేను. ఆయన ఉన్నప్పుడు అడగాలని నోటిదాకా వచ్చేది. అడగలేదు.

అల్లుడి వెనకే దూది పట్టుకుని వాళ్లింటికి పోయాను. ముందు వసారాలో పెద్దలు కూర్చుని ఉన్నారు. స్నానం అయిపోయింది. ముక్కుకూ చెవులకూ పెట్టడానికి దూది చుట్టమని పెద్దాయన ఎవరో నాకే ఇచ్చాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చుట్టాక చూసుకుంటే రెండు మామూలుగా ఉన్నాయి, ఒకటి లావుగా ఉంది, ఒకటి సన్నంగా ఉంది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

లోపలి గది తలుపు చాటు నుంచి అత్త గొంతు వినపడింది. "ముక్కుకు పెట్టండి. చెవులకు వద్దు."

"ఆనవాయితీ కదమ్మా" అన్నాడు పెద్దాయన.

"తీసేదానికి రెండేండ్లు పట్టింది. శెట్టికి తెలుసు."

అందరూ నన్ను చూశారు. నేను లావుదీ సన్నదీ జేబులో వేసుకున్నాను. పెద్దాయన కాసేపు గడ్డం నిమురుకుని, ముక్కు వరకే పెట్టించాడు. తెల్లగుడ్డ కప్పి జనాజా పెట్టెను వాకిట్లోకి తెచ్చారు. నలుగురూ భుజం ఇయ్యడానికి వంగారు.

తలుపు చాటు నుంచి, రోజూ గిన్నె దించేముందు చెప్పే గొంతుతోనే, అత్త చెప్పింది.

"ఇప్పుడు ఎత్తుతాండారు."